టెక్సాస్ కౌంటీల్లో ఓటు వయసు పౌరుల లెక్క: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లోని 254 కౌంటీల జనాభా లెక్కలతో పనిచేసేవాడిగా, ఓటు వయసు వచ్చిన పౌరుల సంఖ్యపై తరచూ వినిపించే కొన్ని మాటలను ఇక్కడ సరిచేయదలిచాను.

అపోహ: ఇది జనగణనలో తల తలనూ లెక్కపెట్టి తేల్చిన సంఖ్య.

వాస్తవం: 2020 జనగణన పౌరసత్వం గురించి అడగనే లేదు. ఆ ప్రశ్నను చేర్చే ప్రయత్నాన్ని 2019లో సుప్రీంకోర్టు అడ్డుకుంది. సెన్సస్ బ్యూరో కౌంటీలవారీగా ఇచ్చే సంఖ్య, అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో వరుసగా ఐదేళ్లపాటు కొన్ని ఇళ్ల నుంచి మాత్రమే సేకరించిన సమాధానాలను కలిపి వేసిన అంచనా. హారిస్ కౌంటీలో లక్షలాది మంది ఉన్నారు కనుక అంచనా నిలకడగా ఉంటుంది. కానీ 2020లో మొత్తం జనాభాయే 64గా నమోదైన లవింగ్ కౌంటీలో, సర్వేకు అందే ఇళ్లు అతి కొద్ది కాబట్టి, అంచనా పక్కనే ముద్రించే దోష పరిమితిని (అసలు సంఖ్య ఎంత అటూ ఇటూ ఉండవచ్చో చెప్పే అంకెను) చూడకుండా ఆ సంఖ్యను వాడటం తప్పు. పట్టికను పంచుకునేటప్పుడు దయచేసి ఆ దోష పరిమితి అంకెలను తొలగించకండి.

అపోహ: పద్దెనిమిదేళ్లు నిండినవారంతా ఇందులో ఉంటారు, ఉన్నవారంతా ఓటు వేయగలరు.

వాస్తవం: రెండూ నిజం కావు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన కాలిన్ కౌంటీనే చూడండి. హెచ్-1బి వీసాపైనో గ్రీన్ కార్డుపైనో ఉన్న తల్లిదండ్రులు ఈ లెక్కలోకి రారు. అక్కడే పుట్టిన వారి బిడ్డ పద్దెనిమిదేళ్లు నిండగానే వస్తుంది. మరోవైపు, జైలులో ఉన్న పౌరులను జైలున్న కౌంటీలోనే లెక్కిస్తారు. తీవ్ర నేరానికి శిక్ష అనుభవిస్తున్నవారికి టెక్సాస్‌లో ఓటు లేకపోయినా, వారు ఈ సంఖ్యలో ఉంటారు.

అపోహ: శాసనసభ నియోజకవర్గాలను ఈ సంఖ్యతోనే సమానంగా విభజిస్తారు.

వాస్తవం: టెక్సాస్ మొత్తం జనాభానే ప్రాతిపదికగా తీసుకుంది, 2016లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

అపోహ: నమోదైన ఓటర్లు ఈ సంఖ్యను మించితే దొంగ ఓట్లున్నట్టే.

వాస్తవం: నన్ను అన్నిటికంటే కలవరపెట్టే మాట ఇదే. ఒకటి ఐదేళ్ల సగటు అంచనా, మరొకటి నేటి జాబితా. పైగా ఊరు మారినట్టు అనుమానం ఉన్న ఓటరు నోటీసుకు బదులివ్వకపోయినా, 1993 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, రెండు ఫెడరల్ సార్వత్రిక ఎన్నికలు గడిచేవరకు ఆ కారణంగా అతని పేరు తీసేయకూడదు. పేరు జాబితాలో మిగిలిందంటే ఓటు పడిందని అర్థం కాదు.