నీలి కోడి, నీలి నెత్తురు పీత

అమెరికా రాజ్యాంగాన్ని అన్నిటికంటే ముందు, 1787 డిసెంబరు 7న ఆమోదించిన రాష్ట్రం డెలవేర్. ఆ తేదీ దాని జెండా మీదే ఉంటుంది. రాజధాని డోవర్. విస్తీర్ణంలో ఇంతకన్నా చిన్న రాష్ట్రం రోడ్ ఐలాండ్ ఒక్కటే. ఉన్నవి మూడు కౌంటీలు. ఎంత ఎత్తైన చోటైనా సముద్రమట్టానికి 140 మీటర్లు దాటదు. అధికారిక చిహ్నాల్లో మాత్రం డెలవేర్‌కు దీటైన రాష్ట్రాలు తక్కువని నా అభిప్రాయం.

రాష్ట్ర పక్షి నీలి కోడి. స్వాతంత్ర్య యుద్ధంలో కెంట్ కౌంటీ సైనికులు తమ వెంట పందెం కోళ్లను తీసుకెళ్లారనీ, అవి ఒక నీలి పెట్ట సంతతి అనీ చెప్పుకుంటారు. 1939లో దానికి అధికారిక హోదా వచ్చింది. కోడి రంగును బట్టి కాకి, డేగ, నెమలి అని పేర్లు పెట్టే మన పందెగాళ్లకు ఈ నీలి రంగు తీరు ఆసక్తి కలిగిస్తుంది. ఈకల్లోని నలుపును పలచబరిచే జన్యువు ఒకటి ఉంది. అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే పిల్ల నీలి బూడిద రంగులో పుడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే చుక్కలున్న తెలుపు, ఎవరి నుంచీ రాకపోతే నలుపు. అందుకే నీలి పుంజునూ నీలి పెట్టనూ జతకలిపినా పిల్లల్లో సగటున సగమే నీలివి. ఎన్ని తరాలు ఏరి పెంచినా ఆ లెక్క మారదు.

2002లో ఎంచుకున్న సముద్రజీవి ఇంకా గొప్పది. గుర్రపు నాడా ఆకారంలో పెంకు ఉండే ఈ జీవిని గుర్రపు నాడా పీత (హార్స్‌షూ క్రాబ్) అంటున్నా, నిజానికి ఇది సాలీళ్లకూ తేళ్లకూ దగ్గరి చుట్టం. దీని వంశం 44 కోట్ల ఏళ్లకు పైబడినది, అంటే డైనోసార్ల కంటే చాలా ముందుది. మే, జూన్ నెలల్లో పౌర్ణమి, అమావాస్యల పోటు వేళ ఇవి డెలవేర్ అఖాతం ఒడ్డుకు గుంపులుగా చేరతాయి. ఆడది ఇసుక తవ్వి వేల గుడ్లు పెడుతుంది. దాని వీపు పట్టుకొని వచ్చిన చిన్న మగది వాటిని ఫలదీకరిస్తుంది. దక్షిణ అమెరికా కొస నుంచి ఆర్కిటిక్‌కు వలసపోయే రెడ్ నాట్ పక్షులు ఇక్కడ దిగి, ఆ గుడ్లు తిని కొద్ది వారాల్లోనే దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి.

ఈ పీత రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుము కాదు, రాగి. అందుకే గాలి తగిలితే నీలంగా మారుతుంది. 1956లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బ్యాంగ్ ఒక విషయం గమనించారు: కొన్ని బాక్టీరియాల విషం సోకితే ఈ రక్తం గడ్డకడుతుంది. మరిగించి బాక్టీరియాను చంపినా ఆ విషం మందులో మిగిలిపోయి, శరీరంలోకి ఎక్కిస్తే జ్వరం తెప్పిస్తుంది. దాన్ని ముందే పట్టుకునే పరీక్ష ఈ రక్తకణాల నుంచే తయారైంది. సెలైనుకూ టీకాకూ ఈ జాగ్రత్త తప్పనిసరి. రక్తం తీసి పీతలను తిరిగి నీటిలో వదిలేస్తారు గానీ కొన్ని చనిపోతాయి. సింగపూర్ శాస్త్రవేత్తలు ఈ రక్తంలో ఆ విషాన్ని పసిగట్టే ప్రొటీనును ప్రయోగశాలలో తయారుచేసే దారి చూపి చాలా కాలమైంది. పీత రక్తం మాని దానికి మారడం ఇంత నిదానంగా జరగడం నాకు బాధ కలిగిస్తుంది.

చేపల వేటలో ఎరగా వాడటానికి ఈ అఖాతంలో ఆడ పీతలను పట్టడం ఆగి పదేళ్లు దాటింది. ఇక ఒడ్డున వెల్లకిలా పడి తిరగబడలేని పీతలను స్థానికులు సరిచేస్తుంటారు. తోక పట్టుకొని ఎత్తితే దానికి దెబ్బ తగులుతుంది; పెంకు అంచు పట్టి తిప్పాలి.