రోహింగ్యా బస్తీల్లో మనసు జబ్బుల మాట: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు ఉండే, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థి కుటుంబాలతో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. అక్కడికి వచ్చే వాలంటీర్లు, డాక్టర్లు తరచూ అనే మాటలివి.

అపోహ: "వీళ్లకు అవగాహన లేదు, అందుకే దాస్తారు."

అవగాహన సంగతి తర్వాత, ముందు భయం. 'పిచ్చిది' అని పేరు పడితే కూతురికి సంబంధం రాదు, ఇల్లుగలాయన ఖాళీ చేయమంటాడు, విషయం పైదాకా పోతే యూఎన్ ఇచ్చిన శరణార్థి కార్డు కూడా లాగేసుకుంటారేమో! మొదటి రెండూ ఉత్త భయాలేం కావు, కొట్టిపారేయకండి. మూడోది మాత్రం నిజం కాదు. సొంత దేశంలో ప్రాణభయం ఉందనే శరణార్థిగా గుర్తిస్తారు, డిప్రెషన్ వచ్చిందని ఆ గుర్తింపు తీసేయరు. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. జబ్బు పేరెత్తకముందే ఈ రెండు ముక్కలూ చెప్పేయాలి.

అపోహ: "డిప్రెషన్ ఉంటే దిగులుగా ఉందని వాళ్లే చెబుతారు."

చెప్పరు. ఒళ్లు నొప్పులు, తల బరువు, గుండెదడ అంటారు, బీపీ చూడమంటారు. బీపీనే చూడండి. చేతికి కట్టిన పట్టీ విప్పుతూ "రాత్రి నిద్ర పడుతోందా ఆపా" అని అడిగితే, చెత్త ఏరడానికెళ్లిన భర్త చీకటి పడ్డా రాకపోతే పోలీసులు పట్టుకెళ్లారేమోనని కడుపులో తిప్పుతుందన్న సంగతి అప్పుడు బయటికొస్తుంది.

అపోహ: "జరిగిందంతా కక్కిస్తే తేలికపడతారు."

మయన్మార్‌లోని రఖైన్‌లో ఊరెలా తగలబడిందో మొదటి రోజే గుచ్చి గుచ్చి అడగడం వైద్యం కాదు, శిక్షణ ఉన్నవాళ్లు చాలా తర్వాత చేయాల్సిన పని అది. వాళ్ల టెన్షన్లో సగం ఇవాళ్టిది: అద్దె, రేపటి కూలి. డబ్ల్యూహెచ్‌ఓ తయారుచేసిన 'ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్' పద్ధతి ఇలాంటి వాటికే, 5 సిట్టింగులు, శిక్షణ తీసుకున్న బస్తీ మనిషే చేయగలడు. అన్నట్టు, ఉర్దూ వచ్చు కదా అని పదేళ్ల కొడుకుని మధ్యలో కూర్చోబెట్టి మాట్లాడించకండి, వాడి ముందు ఏ తల్లీ నోరు విప్పదు.

అపోహ: "జిన్ను పట్టిందని నమ్మేవాళ్లు మందులు వేసుకోరు."

తాయెత్తు తీసేయమంటే వేసుకోరు! దాన్ని ఉండనిచ్చి మాత్ర ఇవ్వండి. ఇమామ్‌గారు "డాక్టర్‌కి కూడా చూపించు" అని ఒక్కమాట అంటే నా పది మాటలకంటే ఎక్కువ. కానీ చచ్చిపోతానంటున్నా, తిండి మానేసినా ఆగొద్దు. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా చేయొచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రాస్తే మాత్రం మొదటిసారి పక్కన ఎవరో ఒకరు వెళ్లండి, ఆ పేరుతో మనమే ఒకరినొకరం వెక్కిరించుకుంటాం, ఇక వాళ్లకు ఓపీ లైన్లో ఒంటరిగా నిలబడే ధైర్యం ఎక్కడిది?