హంపీలో పైకప్పు చూసి మతం చెప్పకండి: ఒక గైడు చెప్పే అపోహలు - వాస్తవాలు

అనంతపురం, కర్నూలు, హైదరాబాదు నుంచి వచ్చే తెలుగు గ్రూపులకు హంపీ తిప్పి చూపించడం నా పని. బస్సు దిగిన గంటలోపే ఎవరో ఒకరు దూరం నుంచే వేలు చూపించి "అది జైనుల గుడి", "ఇది మసీదు" అని తేల్చేస్తుంటారు. చాలాసార్లు రెండూ తప్పే. అసలు మసీదు పక్కనుంచి వెళ్తూ మాత్రం తల కూడా తిప్పరు.

అపోహ: విజయనగరంలో మసీదులు లేవు. ఉన్నవి 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక సుల్తానులు కట్టినవి.

రాజప్రాసాదాల ప్రాంతం దాటి తళవారఘట్ట వైపు వెళ్తుంటే ఒక రాతి మండపం వస్తుంది. గుమ్మటం లేదు, మినార్లు లేవు. చదునైన కప్పు, గుడి మండపాల్లో కనిపించే బాపతు స్తంభాలు. ఒకసారి ఆదోని నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు దాన్ని చూసి "సత్రమా నాయనా?" అని అడిగారు. "మసీదు పెద్దాయనా" అంటే నమ్మలేదు. లోపలికి తీసుకెళ్ళి పడమటి గోడ చూపించాను. గోడ మధ్యలో ఒక గూడు ఉంటుంది. గుడిలో అయితే అక్కడ పీఠం, దాని మీద దేవుడు ఉండాలి. ఇక్కడ పీఠం లేదు, ఖాళీ గూడే. అది మిహ్రాబ్, అంటే నమాజు ఏ దిక్కుకు చేయాలో చెప్పే గూడు.

ఇది అహ్మద్ ఖాన్ అనే అధికారి 1439లో కట్టించినది. రెండో దేవరాయల కొలువులో ఉంటూ, రాజుకు పుణ్యం కలగాలని కట్టించానని శాసనం వేయించుకున్నాడు. ఆ శాసనంలో దీన్ని పిలిచిన పేరు 'ధర్మసాలె', అంటే ధర్మశాల, సత్రం. మా ఆదోని పెద్దాయన మరీ అంత తప్పేం చెప్పలేదన్నమాట!

గుమ్మటం కట్టడం చేతగాక ఇలా కట్టారా? కాదు. పక్కనే గుమ్మటం ఉన్న సమాధి ఉంది, వెళ్ళి చూడండి. సమాధికి ఒక పద్ధతి, మసీదుకు ఊళ్ళో అందరికీ అలవాటైన మండపం పద్ధతి. రెండో దేవరాయలు ముస్లిం రౌతులను, విలుకాండ్రను తన సైన్యంలో పెద్ద ఎత్తున చేర్చుకున్నాడు. వాళ్ళు వచ్చి వంగి సలాం చేసేటప్పుడు ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించేవాడని ఫెరిష్తా అనే పర్షియన్ చరిత్రకారుడు రాశాడు. వాళ్ళకు ఊళ్ళో ఒక పేట ఉండేది, ఆ పేటలో ఉన్నదే ఈ మసీదు.

అపోహ: హేమకూటం కొండ మీదివి జైన దేవాలయాలు.

ఇది పాత పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. మెట్లు మెట్లుగా పైకి వెళ్ళే రాతి శిఖరాలు చూసి ఎవరో అలా అనేశారు, అదే నిలబడిపోయింది. అవి శివాలయాలు. అందులో మూడు గర్భగుళ్ళున్న ఒక గుడిని కంపిలి రాజు తన తల్లిదండ్రులతో పాటు మరొకరి పేరున మూడు లింగాలు ప్రతిష్ఠించి కట్టించినట్టు శాసనమే చెబుతోంది. అప్పటికి విజయనగర రాజ్యం ఇంకా పుట్టనేలేదు.

మరి నిజమైన జైన గుడి? కంప్లి వెళ్ళే రోడ్డు పక్కన ఉంది. దాన్ని జనం 'గాణిగిత్తి గుడి' అంటారు, అంటే గానుగ ఆడించే ఆవిడ గుడి. ఆవిడెవరో గానీ, ముందున్న దీపస్తంభం మీది శాసనంలో మాత్రం రెండో హరిహరరాయల దండనాయకుడు ఇరుగప్ప 1385లో కుంథునాథ తీర్థంకరుడికి కట్టించాడని స్పష్టంగా ఉంది.

అపోహ: కమల మహల్, ఏనుగుల శాల ముస్లింల ప్రార్థనా మందిరాలు.

కమల మహల్‌లో కింద నిలబడితే రేకులు రేకులుగా మలిచిన కమానులు, తల పైకెత్తితే గుడి శిఖరాల్లాంటి కప్పులు. ఇక ఏనుగుల శాలలో పదకొండు గదులు వరసగా, పైన రకరకాల గుమ్మటాలు. ఏ ఒక్కదాంట్లోనూ పడమటి గోడకు మిహ్రాబ్ లేదు. ఇవి రాజుల కొలువుకు సంబంధించిన కట్టడాలు. పొరుగున ఉన్న బహమనీ సుల్తానుల వైపు నడుస్తున్న ఫ్యాషన్ ఇక్కడి కొలువుకూ వచ్చింది, అంతే. తొలి రాజుల కాలం నుంచీ 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్న వంశం ఇది. సురత్రాణ అంటే సుల్తాన్ అన్న మాటే! వాళ్ళకు లేని అభ్యంతరం మనకెందుకో.

అపోహ: విఠలాలయం ముందున్న రథం ఏకశిల.

జేబులో యాభై రూపాయల కొత్త నోటు ఉంటే తీయండి, వెనకవైపు ఉన్నది ఇదే. రాళ్ళు విడివిడిగా చెక్కి అతుకు తెలియకుండా పేర్చారు. ఒకప్పుడు పైన ఇటుకతో కట్టిన శిఖరం కూడా ఉండేది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే బ్రిటిష్ సైనికాధికారి తీసిన ఫోటోలో అది కనిపిస్తుంది. ముందున్న ఏనుగులు కూడా తర్వాత తెచ్చి పెట్టినవే. కాస్త వంగి వాటి వెనకాల చూస్తే పాత గుర్రాల కాళ్ళు, తోకలు ఇంకా ఉన్నాయి. పిల్లలు అయితే అర నిమిషంలో పట్టేస్తారు.

అపోహ: 1565లో అన్నీ కూలిపోయాయి.

విఠలాలయంలో మంటలు పెట్టిన ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, కాదనలేం. కానీ విరూపాక్షుడి గుడిలో ఇవాళ్టికీ రోజూ పూజ జరుగుతోంది.

ఒక్క మాట. ఒకరోజు ట్రిప్పు ప్యాకేజీల్లో అహ్మద్ ఖాన్ మసీదు సాధారణంగా ఉండదు. చూడాలనుకుంటే ఆటో మాట్లాడుకునేటప్పుడే చెప్పండి, తర్వాత అడిగితే ఎక్స్‌ట్రా అంటారు.