రోమ్ సముద్రానికి గోడ ఎలా వచ్చింది

రోమ్‌లో పోర్టా శాన్ పావ్లో స్టేషన్ దగ్గర, నగరపు తీరప్రాంతమైన ఒస్టియాకు వెళ్లే రైలెక్కితే అరగంటలో సముద్రం. ఊళ్లో బస్సెక్కడానికి కొనే యూరోన్నర టికెట్టే ఈ రైలుకూ చెల్లుతుంది. జులై ఆదివారాల్లో పొద్దున్నే బోగీలు కిక్కిరిసిపోతాయి. మడతపెట్టిన గొడుగులు, ఐసు పెట్టెలు, పిల్లల ప్లాస్టిక్ బకెట్లు, మూటగట్టిన రొట్టెలు. లీదో చెంత్రో స్టేషన్లో దిగి తిన్నగా నడిస్తే కాసేపటికే రవెన్నాతి కూడలి వస్తుంది. దాని ఎదురుగా సముద్రంలోకి కట్టిన నడకదారి ఉంటుంది. దానిమీద నిలబడితే సముద్రం కళ్లనిండా కనిపిస్తుంది. వెనక్కి వచ్చి రోడ్డు వెంట కొంత దూరం నడిస్తే చాలు, కనబడదు. గోడ అడ్డం. గోడ లేనిచోట కంచె, కంచె లేనిచోట గుబురుగా పెంచిన పొదలు, వాటి వెనక వరసగా బట్టలు మార్చుకునే గదులు. అలల చప్పుడు వింటూ నీళ్లు చూడకుండా చాలా దూరం నడవొచ్చు. సముద్రం పక్కన రోడ్డును ఇటలీలో 'లుంగోమారే' అంటారు. ఒస్టియా రోడ్డుకు జనం పెట్టిన పేరు 'లుంగోమూరో'. మారే అంటే సముద్రం, మూరో అంటే గోడ.

గోడ వెనక ఉన్నవి స్టాబిలిమెంటోలు. అంటే ప్రభుత్వం దగ్గర తీరాన్ని లీజుకు తీసుకుని గొడుగులు, పడక కుర్చీలు, గదులు, స్నానాల షవర్లు, హోటలు పెట్టి నడిపే స్నానఘట్టాలు. ఒక గొడుగుకూ రెండు కుర్చీలకూ ఒక్క రోజుకే పాతిక, ముప్పై యూరోలు అడగడం మామూలు. డబ్బు కట్టకుండా కూర్చోగలిగే చోటును 'స్పియాజ్జా లిబెరా', స్వేచ్ఛాతీరం, అంటారు. రెండు స్టాబిలిమెంటోల మధ్య సందుల్లో అలాంటివి కొన్ని మిగిలాయి.

విశాఖ ఆర్కే బీచ్‌కో, సూర్యలంకకో, మంగినపూడికో వెళ్లి పెరిగిన మనకు ఇది మింగుడుపడదు. 2023 జులైలో రుషికొండ బీచ్‌కు 20 రూపాయల ప్రవేశ రుసుము పెడతామంటేనే జనం ఊరుకోలేదు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మరి రోమ్ నగరవాసులు దశాబ్దాలుగా దీన్ని ఎలా భరిస్తున్నారు? గోడ ఒక్కరోజులో లేవలేదు కాబట్టి. పైగా సముద్రతీరం అందరిదీ అనే మాటను చట్టంగా రాసిపెట్టింది కూడా ఆ నగరపు న్యాయవేత్తలే.

గాలి, పారే నీరు, సముద్రం, దాంతోపాటు సముద్రతీరం: ఇవి ప్రకృతి ధర్మం ప్రకారం అందరికీ ఉమ్మడి. రోమన్ న్యాయవేత్తలు తరాలుగా చెప్పుకుంటూ వచ్చిన ఈ సూత్రాన్ని 533లో జస్టీనియన్ చక్రవర్తి న్యాయ విద్యార్థుల పాఠ్యగ్రంథంలో చేర్పించాడు. తీరం ఎక్కడిదాకా అన్నదీ అందులోనే ఉంది: చలికాలపు అతిపెద్ద అల ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా. ఎవరైనా అక్కడ తలదాచుకోవడానికి పాక వేసుకోవచ్చు, వలలు ఆరబెట్టుకోవచ్చు. ఈ సూత్రం మన దాకా కూడా వచ్చింది. 1996 డిసెంబరులో బియాస్ నది కేసులో సుప్రీంకోర్టు రోమన్ చట్టాన్ని గుర్తుచేస్తూ, ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. 2006లో తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులోనూ అదే సూత్రం మీద నిలబడి మాట్లాడింది.

అయితే రాసినది ఒకటి, తీరం మీద జరిగినది ఒకటి. మొదటి శతాబ్దం చివర్లో ప్లినీ అనే ధనిక వకీలుకు ఒస్టియాకు దక్షిణంగా లారెంటమ్ తీరంలో విడిది ఉండేది. నగరంలో రోజు పని ముగించుకుని కూడా చేరుకోవచ్చని, నైరుతి గాలి వీచినప్పుడు అలల చివరి నురగ తన భోజనశాలను తాకుతుందని మిత్రుడికి మురిసిపోతూ ఉత్తరం రాశాడు. తీరం పొడవునా ఇలాంటి భవనాలే వరసకట్టి పట్టణాల్లా కనిపిస్తాయని కూడా రాశాడు. అంటే కలిగినవాళ్లు ముందు వరసలో కూర్చోవడం అప్పటికే ఉంది.

మామూలు జనానికీ చోటుండేది. ప్లినీ తర్వాత సుమారు వందేళ్లకు మినూసియస్ ఫెలిక్స్ అనే రచయిత రాసిన దృశ్యం ఒకటుంది. ద్రాక్షకోతల సెలవులకు కోర్టులు మూసేశారు. ముగ్గురు మిత్రులు సముద్రస్నానం ఒంటికి మంచిదని రోమ్ నుంచి ఒస్టియా వచ్చారు. పొద్దున్నే తడి ఇసుక మీద నడుస్తుంటే కాళ్ల కింద ఇసుక మెత్తగా దిగుతోంది. ఒడ్డున పిల్లలు అలలు నున్నగా అరగదీసిన పెంకులు ఏరుకుని, వంగి, నీళ్ల మీద గెంతేలా విసురుతున్నారు. ఎవరి పెంకు ఎక్కువ దూరం పోయి ఎక్కువసార్లు ఎగిరితే వాళ్లు గెలిచినట్టు. గోదావరి రేవుల్లో, ఊరి చెరువు గట్ల మీద మన పిల్లలు ఆడే ఆటే. రోమ్ తీరం గురించి చదివిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇది.

ఆ పిల్లలు ఆడుకున్న చోట ఇప్పుడు సముద్రం లేదు. టైబర్ నది మోసుకొచ్చిన ఒండ్రుతో తీరం మూడు నాలుగు కిలోమీటర్లు ముందుకు జరిగింది. 1557 వరదలో నది దారే మార్చుకుంది. పాత రేవు పట్టణం శిథిలమై పొలాల మధ్య మిగిలింది, ఒస్టియా ఆంతికా స్టేషన్లో దిగి చూడొచ్చు. నదికీ కొత్త తీరానికీ మధ్య వందల ఏళ్లు ఊబి నేలలు, మడుగులు, దోమలు. వేసవిలో అక్కడ పడుకున్నవాడు జ్వరంతో లేచేవాడు. చెడ్డ గాలి వల్ల వస్తుందనుకున్నారు, 'మలేరియా' అనే మాటకు ఇటాలియన్‌లో అర్థమే అది.

1884 నవంబరులో ఏడ్రియాటిక్ తీరాన ఉన్న రవెన్నా నుంచి దాదాపు 500 మంది కూలీలు వచ్చి ఈ మడుగుల్లోకి దిగారు. పని దొరక్క సంఘం కట్టుకున్న వాళ్లు. కాలవలు తవ్వి, నీరు తోడి, నేలను ఆరబెట్టారు. చాలామంది జ్వరాలకు బలయ్యారు. దోమే కారణమని అప్పటికి ఎవరికీ తెలియదు. పదమూడేళ్ల తర్వాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ మరుసటి ఏడాది ఇటలీలో జొవాన్ని బత్తిస్తా గ్రాసీ బృందం మనిషికి ఈ జ్వరాన్ని మోసుకొచ్చేది అనాఫిలిస్ దోమేనని తేల్చింది. ఇవాళ ఒస్టియాలో సముద్రం తెరిపిగా కనబడే ఆ కూడలి పేరు 'రవెన్నాతి', అంటే రవెన్నా వాళ్లు. నేలను మనుషులు బతకడానికి పనికొచ్చేలా చేసిన కూలీల పేరు అక్కడ నిలిచింది.

నేల ఆరాక నగరం వచ్చింది. 1924 ఆగస్టు 10న రోమ్–ఒస్టియా రైలు మొదలైంది. అదే ఏడాది నీళ్ల మీద స్తంభాలపై, గుమ్మటంతో 'స్టాబిలిమెంటో రోమా' కట్టారు. 1928లో మోటారు రోడ్డు వేశారు. రాజధానికి సొంత బీచ్ ఉందని చాటుకోవడం ముసోలినీ ప్రభుత్వానికి ప్రతిష్ఠ. జనానికి మాత్రం అది నిజమైన సెలవు. రైలు చార్జీ పెట్టుకోగలిగిన గుమాస్తా, దర్జీ, బడిపంతులు తొలిసారి సముద్రం చూశారు. ఆ గుమ్మటం భవనాన్ని 1943లో జర్మన్ సైన్యం పేల్చేసింది.

ఈ తీరం లీజులపై ఇప్పటి వివాదానికి కీలకమైన సంవత్సరం 1942. ఆ ఏడాది వచ్చిన నౌకాయాన చట్టం, పౌరస్మృతి రెండూ సముద్రతీరం రాజ్యానిదని, ఎవరూ అమ్మడానికీ కొనడానికీ వీల్లేదని ప్రకటించాయి. జస్టీనియన్ మాట పూర్తిగా పోలేదు. కానీ రాజ్యం ఆ తీరాన్ని వాడుకోవడానికి అనుమతి ఇవ్వొచ్చు. ఆ అనుమతే 'కొంచెసియోనే', మన మాటలో లీజు. తర్వాత అందులోకి ఒక చిన్న వెసులుబాటు చేరింది: గడువు తీరినప్పుడు ఇప్పటికే నడుపుతున్నవారికే మొదటి హక్కు. దాన్ని 'ఇన్సిస్టెన్సా' హక్కు అన్నారు. ఆపై 2001 చట్టంతో లీజు ఆరేళ్లకొకసారి దానంతటదే కొనసాగే పద్ధతి వచ్చింది. పేరుకు ప్రభుత్వ భూమి. నడిచేది తాతనుంచి మనవడికి. అనుభవంలో ఆస్తికీ దీనికీ తేడా ఎంత?

యుద్ధం తర్వాత జీతాలు పెరిగాయి, కార్లు వచ్చాయి, ఆగస్టు నెలంతా సముద్రం దగ్గరే గడపడం ఇటలీ కుటుంబాలకు ఆచారమైంది. గొడుగుల వరసలు పెరిగాయి. చెక్క గదులు ఇటుక గదులయ్యాయి, వాటికి హోటళ్లు, ఈతకొలనులు తోడయ్యాయి. వాటిని కాపాడుకోవడానికి గోడలు. ఒక్కో చిన్న అనుమతి, ఒక్కో చిన్న అతిక్రమణ. ఇంతలో ప్రభుత్వానికి దక్కింది ఎంత? 2020 దాకా కనీస లీజు అద్దె ఏడాదికి దాదాపు 362 యూరోలు. పెద్దవాళ్లు ఎక్కువే కట్టేవారు, నిజమే. కానీ ఆ కనీస అద్దె ఒకే ఒక్క గొడుగును రెండు వారాలు అద్దెకిస్తే తిరిగి వచ్చేసేది. 2021 నుంచి దాన్ని 2,500 యూరోలు చేశారు.

ఇంత లాభం ఉన్నచోటికి ఎవరు వస్తారో చెప్పనక్కర్లేదు. 2015 ఆగస్టులో ఒస్టియా స్థానిక పాలకమండలిని మాఫియా చొరబాటు కారణంగా ఇటలీ మంత్రివర్గం రద్దు చేసింది. రెండేళ్లకు పైగా ఎన్నికైన పాలకులు లేరు. తీరంలో నిజాయితీగా వ్యాపారం చేసుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నా, ఆ మచ్చ అందరి మీదా పడింది.

మార్పు కోసం ఒత్తిడి బయటినుంచి వచ్చింది. 2006లో యూరోపియన్ యూనియన్ సేవల మార్కెట్‌పై ఒక ఆదేశం తెచ్చింది. దాన్ని ప్రతిపాదించిన కమిషనర్ పేరుతో 'బోల్కెస్టైన్' అంటారు. పరిమితంగా ఉన్న సహజ వనరును వాడుకునే అనుమతి ఇవ్వాలంటే అందరికీ తెరిచిన పోటీ పెట్టాలి, దానంతటదే పొడిగించకూడదు అన్నది అందులో పన్నెండో నిబంధన. ఇటలీ 'ఇన్సిస్టెన్సా' హక్కును కాగితం మీద తీసేసింది, లీజులను మాత్రం 2015 దాకా పొడిగించింది. తర్వాత 2020 దాకా. అది చెల్లదని 2016 జులైలో యూరోపియన్ కోర్టు తీర్పిస్తే, రెండేళ్లకే 2033 దాకా పొడిగిస్తూ మరో చట్టం. 2021 నవంబరులో ఇటలీ అత్యున్నత పాలనా న్యాయస్థానం దాన్నీ కొట్టేసి 2023 చివరితో సరి అంది. ఆ గడువూ జారింది. 2024 సెప్టెంబరులో వచ్చిన అత్యవసర శాసనం లీజులను 2027 సెప్టెంబరు దాకా నిలిపింది.

మధ్యలో 2023లో ప్రభుత్వం తీరమంతా కొలిపించి, మూడో వంతు మాత్రమే లీజుల్లో ఉంది కాబట్టి తీరం కొరతే లేదని వాదించింది. జనం స్నానం చేయలేని రాళ్ల ఒడ్లనూ ఆ లెక్కలో కలిపారని యూరోపియన్ కమిషన్ ఒప్పుకోలేదు. రోమ్ నుంచి పిల్లల్ని వెంటేసుకుని రైల్లో వచ్చే తల్లికి ఎక్కడో రాతిగుట్టల దగ్గర ఖాళీ ఉండటం వల్ల ఒరిగేదేమీ లేదు. ఈ విషయంలో కమిషన్ మాటే సబబు.

లీజుదారుల గోడు కూడా వినాలి. తండ్రులు అప్పులు చేసి కట్టినవి, జీవరక్షకులను పెట్టేది మేమే, ఇసుక ఊడ్చేది మేమే, పోటీలో పెద్ద కంపెనీలు వచ్చి ఎగరేసుకుపోతే మాకు పరిహారం ఎవరిస్తారు అన్నది వాళ్ల ప్రశ్న. 2024 ఆగస్టు 9న దేశమంతటా చాలాచోట్ల పొద్దున రెండు గంటలపాటు గొడుగులు తెరవకుండా సమ్మె చేశారు. పరిహారం అడగడం న్యాయమే. కానీ దానికి జవాబు గోడలను అలాగే ఉంచడం కాదు.

ఈలోగా వెళ్లేవారికి దారులున్నాయి. ఒస్టియా రైలు చివరి స్టేషన్ క్రిస్తోఫొరో కొలంబోలో దిగి 07 నంబరు బస్సెక్కితే కాస్తెల్‌పోర్జియానో. అది దేశాధ్యక్షుడి ఎస్టేటు పక్క తీరం. 1960ల్లో జుసెప్పే సరగాత్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు దాన్ని నగర ప్రజలకు ఇచ్చేశారు. గేట్లున్నాయి, అందుకే జనం ఆ చోటును 'కాంచెల్లి' (గేట్లు) అంటారు. లోపలికి టికెట్టు లేదు. ఇసుక దిబ్బలు, వాటిమీద ముళ్లపొదలు, వెనక అడవి. ఇసుక అగ్నిపర్వత ఖనిజాలతో నల్లగా ఉంటుంది, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. ఒస్టియాలోనూ ఒక హక్కు ఉంది. నీటి అంచుకు చేరడానికి, దానివెంట నడవడానికి, స్నానానికి ఎవరినీ ఆపకూడదని 2006 చివర్లో చేసిన చట్టం చెబుతోంది. స్టాబిలిమెంటో గుండా నీటి దాకా వెళ్తే ఎవరైనా అడ్డుకుంటే ఈ సంగతి మర్యాదగా చెప్పొచ్చు.

ఇప్పుడు ఇసుకే తగ్గుతోంది. టైబర్ మీద ఆనకట్టలు కట్టాక ఒండ్రు కిందికి రావడం తగ్గింది, వేల ఏళ్లు ముందుకు జరిగిన తీరం వెనక్కి నడుస్తోంది. చలికాలపు తుపానుల్లో ఒస్టియా అలలు గొడుగుల వరసలు దాటి వచ్చి, ఆ ఇటుక గదుల గోడలనే కొడుతున్నాయి. చలికాలపు అతిపెద్ద అల చేరేంత వరకూ తీరమే అన్నారు రోమన్ న్యాయవేత్తలు. ఆ కొలత ప్రకారం చూస్తే ఆ గోడలు నిలబడి ఉన్నది తీరం మీదే.