ఇంట్లో ఉన్న వస్తువు ఎవరిది? రెంట్ టు ఓన్ షాపులపై అపోహలు, వాస్తవాలు

సోఫాలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, టీవీలు వారం వారం అద్దెకిచ్చి, గడువంతా కడితే కస్టమర్‌కే సొంతం చేసే షాపుల్లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. డెలివరీ వ్యాన్ మీద మొదలుపెట్టాను. తర్వాత బాకీల వసూలు, ఇప్పుడు షాపు లెక్కలు. కౌంటర్ దగ్గర వినే అపోహలు చాలావరకు ఒకచోటే పుడుతున్నాయి: చివరి అద్దె కట్టేదాకా ఆ వస్తువు ఎవరిదన్న సంగతి కస్టమర్‌కు ఎవరూ విడమరచి చెప్పరు.

అపోహ: ఇది వాయిదాల మీద కొనడమే, పేరు మార్చారంతే.

మామూలు వాయిదాల్లో కొంటే వస్తువూ మీదే, అప్పూ మీదే. మధ్యలో వద్దనుకున్నా బాకీ మాత్రం వదలదు. మా దగ్గర ఒప్పందం వారానికో నెలకో ఉంటుంది. అది అయిపోగానే మళ్లీ కట్టి పొడిగించుకోవచ్చు, లేదా ఫోన్ చేసి వస్తువు తీసుకుపొమ్మనవచ్చు. వాడుకున్న రోజుల అద్దె తీర్చేస్తే చాలు, మిగిలిన వారాల డబ్బు ఎవరూ అడగరు. అప్పు కాదు కాబట్టే క్రెడిట్ స్కోరు మీద పట్టుబట్టం. ఆదాయం, చిరునామా, తెలిసినవాళ్ల ఫోన్ నంబర్లు చూసి ఇచ్చేస్తాం.

అయితే 78 వారాల ఒప్పందంలో 70 వారాలు కట్టి తిరిగిచ్చేసినా చేతికి పైసా రాదు. అద్దె ఇంట్లో పదేళ్లున్నా గోడలో ఒక్క ఇటుకైనా మనది కాదు కదా, ఇదీ అంతే. ఈ మాట మొదటి రోజే చెప్పని సేల్స్‌మన్ కస్టమర్‌కు అన్యాయం చేస్తున్నట్టే అని నా అభిప్రాయం.

ఈ పద్ధతి అమెరికాలో 1960ల్లో ఊపందుకుంది. కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో ఎర్నెస్ట్ టాలీ అనే వ్యాపారి అప్పు పుట్టని వాళ్లకు గృహోపకరణాలు ఇలా ఇవ్వడం మొదలుపెట్టాడు. అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ దీనికి విడిగా చట్టాలున్నాయి. బ్రిటన్‌లో పేరు ఇదే అయినా చట్టం వేరు. అక్కడ ఇది ఎక్కువగా హైర్ పర్చేజ్ కిందికి, అంటే వాయిదాలన్నీ తీరాకే వస్తువు సొంతమయ్యే రుణ ఒప్పందం కిందికి వస్తుంది. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం ప్రకారం, మొత్తంలో మూడో వంతు కట్టేశాక కోర్టు ఉత్తర్వు లేకుండా వస్తువు వెనక్కి తీసుకోకూడదు. కాబట్టి ఇంకో దేశంలో ఉన్న చుట్టాల అనుభవం విని సంతకం పెట్టకండి.

అపోహ: వడ్డీ లేదన్నారు కాబట్టి చవకే.

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. నగదు ధర 100 అనుకుందాం. వారానికి 2.75 చొప్పున 78 వారాలు కడితే 214.50 అవుతుంది. వడ్డీ అనే పదం కాగితం మీద ఎక్కడా కనబడదు, నిజమే. కానీ 114.50 అదనంగా పోయింది. వారానికి ఇంత అని చెబితే తేలిగ్గా అనిపిస్తుంది. మనిషి జీతం వారానికొస్తుంటే మరీను.

ఆ అదనపు సొమ్ము అంతా లాభమే అనుకోవడం కూడా తప్పు. డెలివరీ, బిగింపు, గడువంతా రిపేర్లు, రిపేరులో ఉన్నన్నాళ్లూ బదులు వస్తువు, మధ్యలో తిరిగొచ్చేవాటి నష్టం, అసలు మాయమైపోయేవాటి నష్టం, ఇవన్నీ అందులోంచే రావాలి. ఇన్ని చెప్పాక కూడా, నగదు పెట్టగలిగినవాడికి ఇది ఖరీదైన దారే. మా షాపులో నిలబడి ఇదే మాట చెప్పాను, చెబుతాను.

ఇంకో చిక్కు ఉంది. ఆ 'నగదు ధర' కూడా షాపు రాసుకున్నదే. అదే మోడల్ పక్క దుకాణంలో 75కే దొరకవచ్చు. బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2019 ఏప్రిల్ నుంచి ఈ ఒప్పందాల ఖర్చుకు గరిష్ఠ పరిమితి పెట్టినప్పుడు ఈ కిటుకును పట్టుకుంది. అసలు ధరను మరో ముగ్గురు రిటైలర్ల ధరలతో పోల్చి చూడాలంది. రుణం పేరుతో పడే భారం ఆ ధరను మించకూడదంది. అమెరికాలో న్యూజెర్సీ సుప్రీం కోర్టు 2006లో మరో దారిలో వెళ్లింది. ఈ ఒప్పందాలను వాయిదాల అమ్మకాలుగానే చూడాలని, 30 శాతం వడ్డీ పరిమితి వీటికీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది.

ఖర్చు తగ్గించుకునే దారి ఒప్పందంలోనే ఉంటుంది. చాలా షాపులు మొదటి 90 రోజుల్లో నగదు ధర కట్టేస్తే వస్తువు ఇచ్చేస్తాయి. ఆ తర్వాతైనా మిగిలిన అద్దెల్లో కొంత భాగం కట్టి ముందే సొంతం చేసుకునే వీలుంటుంది. అడిగితే ఆ రోజు లెక్క చూసి చెబుతాం. అడిగేవాళ్లే తక్కువ. 'వడ్డీ లేదు', 'నగదుతో సమానం' అనే మాటలు మాత్రం జాగ్రత్తగా వినాలి. ఇలాంటి ప్రచారంతో జనాన్ని తప్పుదోవ పట్టించిందన్న అభియోగం మీద ప్రోగ్రెసివ్ లీజింగ్ అనే కంపెనీ 2020లో, వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 17.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

అపోహ: వస్తువు వెనక్కి లాక్కుని, మళ్లీ మళ్లీ అద్దెకిచ్చి బతుకుతారు.

ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2000లో ప్రచురించిన సర్వేలో, ఇలా తీసుకున్న వస్తువుల్లో సుమారు 70 శాతం చివరికి కస్టమర్లకే సొంతమయ్యాయని తేలింది. ఆ సంఖ్య పెరిగితేనే మాకూ హాయి.

తిరిగొచ్చిన సోఫా సంగతి చూడండి. ఇద్దరు మనుషులు, ఒక వ్యాన్, సగం పూట పని. తెచ్చాక నేరుగా షోరూంలో పెట్టలేం. కుట్ల మధ్య టార్చి వేసి నల్లుల కోసం వెతకాలి. టీవీలు, మైక్రోవేవ్‌ల వెనక గాలి కన్నాల్లో వెచ్చదనానికి బొద్దింకలు చేరతాయి. ఒక్కటి తప్పించుకున్నా గోడౌన్ అంతా పాకుతాయి. ఉతికి, రిపేరు చేసి, ధర తగ్గించి పెడితే మళ్లీ ఎవరో తీసుకెళ్లేదాకా అది మూలన పడి ఉంటుంది. మూలనున్న సోఫా అద్దె తేదు. శనివారం రాత్రి షాపు మూసేటప్పుడు మేం టెన్షన్ పడేది రెండింటికి: ఎంతమంది అద్దె బాకీ ఉంది, ఎన్ని వస్తువులు ఖాళీగా ఉన్నాయి.

అపోహ: వారం వారం కడితే క్రెడిట్ స్కోరు పెరుగుతుంది.

చాలా షాపులు సక్రమంగా కట్టిన అద్దెల వివరాలు క్రెడిట్ సంస్థలకు పంపవు. కట్టని బాకీ వసూలు ఏజెన్సీకి వెళితే మాత్రం స్కోరు దెబ్బతినవచ్చు.

అపోహ: డ్యామేజ్ రక్షణ రుసుము తప్పనిసరి.

సాధారణంగా అది మీ ఇష్టం. వద్దంటే తీసేయాలి. తీసుకుంటే ఏ నష్టానికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో చదివి తీసుకోండి. అలాగే వస్తువు కొత్తదా, ఇంతకుముందు అద్దెకు వెళ్లొచ్చిందా అని అడగండి. అమెరికా రాష్ట్రాల చట్టాలు చాలావరకు ఇది రాతలో చెప్పాలంటాయి.

అపోహ: వస్తువు షాపుది కాబట్టి షాపు ఇష్టం.

వస్తువు మాది, ఇల్లు మీది. తలుపు తోసుకుని లోపలికి రావడానికి, బెదిరించడానికి మాకు హక్కు లేదు. అద్దెకిచ్చిన కంప్యూటర్లలో కొన్ని షాపులు రహస్యంగా ఒక సాఫ్ట్‌వేర్ పెట్టాయి. అది స్క్రీన్ మీదున్నది, టైప్ చేసినది పంపేది, ఇంట్లో మనుషుల్ని వెబ్‌క్యామ్‌తో ఫొటోలు కూడా తీసేది. 2012లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏడు రెంట్ టు ఓన్ కంపెనీలపైనా, ఆ సాఫ్ట్‌వేర్ సంస్థపైనా చర్య తీసుకుంది. ఆ వార్త చదివిన రోజు ఈ పనిలో ఉన్నందుకు నాకు సిగ్గేసింది.

అపోహ: ఒకసారి తిరిగిచ్చేస్తే కట్టిందంతా పోయినట్టే.

నేను వసూళ్లు చూస్తున్న రోజుల్లో ఒకావిడ 78 వారాల్లో 64 వారాలు కట్టాక ఉద్యోగంలో పని గంటలు తగ్గిపోయాయి. ఫోన్ ఎత్తడం మానేసింది. చివరికి తనే పిలిచి వాషింగ్ మెషీన్ తీసుకెళ్లమంది. తీసుకొచ్చేశాం. మూడు నెలల తర్వాత డబ్బుతో వచ్చింది, మళ్లీ అక్కణ్నుంచే కొనసాగిస్తానని. చాలాచోట్ల చట్టం ఇలా కొనసాగించే హక్కు ఇస్తుంది. వస్తువు తిరిగిచ్చాక నిర్ణీత గడువులోగా బాకీ తీరిస్తే, అదే వస్తువో అలాంటిదో ఇచ్చి పాత లెక్క నుంచే సాగించాలి. ఎక్కువ వారాలు కట్టినవాళ్లకు గడువు ఎక్కువ ఉండటమూ మామూలే. ఆవిడ గడువు అప్పటికి పదకొండు రోజుల క్రితం దాటిపోయింది. ఆ విషయం ఒప్పందం రెండో పేజీలో ఉంది. మెషీన్ వ్యాన్ ఎక్కించిన రోజు నేను చెప్పలేదు.

ఇప్పుడు మా షాపులో తిరిగొచ్చే ప్రతి వస్తువుకీ ఇచ్చే రసీదు మీద ఆ ఆఖరి తేదీ చేత్తో రాయిస్తున్నాను.