ఇంట్లో స్టర్ ఫ్రై సాస్: అపోహలు - వాస్తవాలు

చైనీస్ వంట క్లాసుకు కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "మేడమ్, ఏ సాస్ కొనాలి?" సూపర్ మార్కెట్ అరల ఫొటోలు తీసుకొచ్చి మరీ చూపిస్తారు. సోయా, చిల్లీ, షెజ్వాన్, హాయిసిన్, ఆయిస్టర్, ఇవి చాలవన్నట్టు స్టర్ ఫ్రై సాస్ అని విడిగా ఇంకో బాటిల్. అన్నీ కొని ఫ్రిజ్ తలుపు నింపేస్తారు. రెండు మూడుసార్లు వాడాక అవి అక్కడే గడువు దాటిపోతాయి. హోటల్ వంటగదిలో చైనీస్ సెక్షన్‌లో పనిచేసి వచ్చాను, ఇప్పుడు ఇంటి స్టవ్ మీద చేసి చూపిస్తున్నాను. రెండు చోట్లా నాకు అర్థమైంది ఒక్కటే. స్టర్ ఫ్రై అంటే పెద్ద మంట మీద ముక్కల్ని ఎగరేస్తూ గబగబా వేయించడం. దాని సాస్ స్టవ్ వెలిగించకముందే ఒక చిన్న గిన్నెలో పూర్తయిపోవాలి. ఉప్పు, పులుపు, తీపి, చిక్కదనం ఆ గిన్నెలో కుదిరితే చాలు, మిగతా బాటిళ్లు లేకపోయినా వంట బాగుంటుంది.

అపోహ: హోటల్ రుచి రావాలంటే అరడజను సాస్‌లు కావాలి.

చైనాలోని సిచువాన్ ప్రాంతపు గాంగ్‌బావ్ చికెన్ ప్రపంచమంతా తెలిసిన స్టర్ ఫ్రై. దాని సాస్‌లో ఉండేవి సోయా, చక్కెర, నల్ల వెనిగర్, స్టార్చ్, కాస్త నీళ్లు లేదా స్టాక్. వీటిని ముందే గిన్నెలో కలిపి పెట్టుకుంటారు. ఘాటు, వాసన నూనెలో వేగే ఎండుమిర్చి, సిచువాన్ మిరియాలు, అల్లం, వెల్లుల్లి నుంచి వస్తాయి. మన మంచూరియా సంగతీ అంతే. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ చికెన్ మంచూరియన్ చేసినప్పుడు వాడింది పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ అని చెబుతారు. ఇందులో ఏదీ దొరకనిది కాదు.

ఇద్దరికి సరిపోయేలా, సుమారు 300 గ్రాముల కూరగాయ ముక్కలకు నేను చెప్పే కొలత ఇది. లైట్ సోయా సాస్ ఒక టేబుల్‌స్పూన్, వెనిగర్ ఒక టీస్పూన్, చక్కెర ఒక టీస్పూన్, మిరియాల పొడి పావు టీస్పూన్, నీళ్లు లేదా కూరగాయలు ఉడికించిన స్టాక్ నాలుగు టేబుల్‌స్పూన్లు. ఇవన్నీ కలిపి చక్కెర కరిగాక వేలికొసతో రుచి చూడండి. ఉత్తగా నాకితే కాస్త ఉప్పగా అనిపించాలి, ఎందుకంటే ముక్కల్లో ఉప్పు వేయం. పులుపు మొదట తగిలి, తర్వాత తీపి దాన్ని సర్దాలి. ఉప్పు గుచ్చుతోందంటే ఇంకో స్పూన్ నీళ్లు, చప్పగా ఉందంటే కొంచెం సోయా. అంతా కుదిరాకే ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలపండి. మంట మీద ముక్కలు ఎగరేస్తూ ఒక్కో బాటిల్ మూత తీసి గుటగుటా పోస్తే ఈ సర్దుబాటుకు టైమ్ ఉండదు. టెన్షన్‌లో సోయా ఎక్కువ పడుతుంది, దాన్ని కప్పడానికి కెచప్, కెచప్ తీపిని కప్పడానికి చిల్లీ సాస్. ఇంట్లో చేసిన స్టర్ ఫ్రై నల్లగా, ముద్దగా తయారవడానికి ఎక్కువగా ఇదే కారణం. కెచప్ ఇష్టమైతే వేసుకోండి, కానీ అందులో చక్కెర, వెనిగర్, ఉప్పు ముందే ఉంటాయి. గిన్నెలో వాటిని ఆ మేరకు తగ్గించాలి.

చక్కెర బదులు బెల్లం వేయొచ్చా అని అడుగుతారు. వేడి నీళ్లలో కరిగించి వడకట్టి వేయొచ్చు. దాని వాసన దానికి ఉంటుంది, మష్రూమ్‌కి బాగుంటుంది, క్యాబేజీకి నాకు నచ్చదు.

అపోహ: సోయా సాస్ అంటే నల్లగా, చిక్కగా ఉండాలి. ఏ బాటిల్ అయినా ఒకటే.

లైట్ సోయా, డార్క్ సోయా రెండూ వేరు వేరు పనులు చేస్తాయి. లైట్ అంటే ఉప్పు తక్కువని అర్థం కాదు, రంగు లేత అంతే. రుచికి, ఉప్పుకు వేసేది ఇదే. డార్క్ సోయాను ఎక్కువ కాలం పులియనిస్తారు, సాధారణంగా బెల్లపు పాకం లాంటిదో కారమెలో కలుపుతారు. అది ముఖ్యంగా రంగు కోసం, అర టీస్పూన్ మించి అక్కర్లేదు. రంగు తక్కువైందని డార్క్ సోయా టేబుల్‌స్పూన్లతో పోస్తే ముక్కలకు చేదు అంటుకుంటుంది.

తయారీలోనూ తేడా ఉంది. సంప్రదాయ పద్ధతిలో సోయా గింజలు ఉడికించి, వేయించిన గోధుమలు కలిపి, ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజు పట్టిస్తారు. తర్వాత ఉప్పునీళ్లలో నెలల తరబడి పులియనిస్తారు. గింజల్లోని ప్రొటీన్ నెమ్మదిగా విడిపోయి, ఆ లోతైన రుచి అప్పుడు వస్తుంది. రెండో పద్ధతిలో సోయా ప్రొటీన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కొద్ది రోజుల్లోనే విడగొట్టి, తటస్థం చేసి, రంగు, ఉప్పు, తీపి కలుపుతారు. చవక బాటిళ్లలో చాలావరకు ఇలాంటివి, లేదా రెండూ కలిపినవి.

బాటిల్ వెనక్కి తిప్పితే తెలిసిపోతుంది. పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు వచ్చేలా రాస్తారు. నీళ్లు, సోయా గింజలు, గోధుమలు, ఉప్పు అని ఉంటే పులియబెట్టినది. నీళ్లు, ఉప్పు, చక్కెర, 150తో మొదలయ్యే కారమెల్ రంగు, హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రొటీన్ అని ఉంటే రెండో రకం. మీరు డబ్బులు పెట్టాల్సిన ఒకే ఒక్క బాటిల్ పులియబెట్టిన సోయా. మిగతావి మానేస్తే మిగిలే డబ్బులో మంచి సోయా వస్తుంది.

ఇంకొక్క మాట. గోధుమ పడనివాళ్లు, ముఖ్యంగా సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) ఉన్నవాళ్లు, మామూలు సోయా వాడకూడదు. గోధుమ లేకుండా చేసే టమారి అనే సోయా సాస్ దొరుకుతుంది, అయినా లేబుల్ చదివే తీసుకోవాలి.

అపోహ: చిక్కగా రావాలంటే కార్న్‌ఫ్లోర్ ఇంకాస్త చల్లాలి.

ముందు పిండి సంగతి. మన కొట్లలో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లటి, వేళ్ల మధ్య కిర్రుమనే పొడి మొక్కజొన్న గింజ నుంచి తీసిన స్టార్చ్. పసుపుపచ్చని మొక్కజొన్న పిండి రొట్టెలకు, దాంతో సాస్ మెరవదు.

స్టార్చ్ రేణువులు చల్లటి నీళ్లలో కరగవు, కలిపినప్పుడు చెదిరి ఉంటాయి అంతే. సుమారు 65 డిగ్రీలు దాటాక నీళ్లు పీల్చి ఉబ్బడం మొదలవుతుంది, మరుగు దగ్గరకు వచ్చాక పూర్తిగా చిక్కబడుతుంది. పొడిని నేరుగా వేడి సాస్‌లో చల్లితే ఉండ పైపొర ముందు ఉబ్బి మూసుకుపోతుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. అదే మీకు పంటి కింద తగిలే ఉండ. అందుకే చల్లటి సాస్‌లోనే కలపాలి. కలిపి పక్కన పెట్టిన గిన్నెలో ఒకట్రెండు నిమిషాల్లోనే స్టార్చ్ అడుక్కి చేరుతుంది. పోసే క్షణంలో స్పూన్‌తో అడుగు గీకి మళ్లీ కలపకపోతే పైన నీళ్లే మూకుడులో పడతాయి, సారం గిన్నెలో మిగులుతుంది.

ఇప్పుడు మూకుడు దగ్గర ఏం జరుగుతుందో గమనించండి. ముక్కల్ని పక్కకు జరిపి సాస్‌ను అంచు వెంట చుట్టూ పోస్తే సోయా వేడి ఇనుము తగిలి చుర్రుమంటుంది, వాసన మారుతుంది. మొదట సాస్ పాలు కలిపిన టీలా మసకగా ఉంటుంది. కలుపుతూ ఉంటే అరనిమిషంలోపే మసక పోయి అద్దంలా తేటపడుతుంది, బుడగలు పెద్దవై బద్ధకంగా పగులుతాయి. అట్లకాడతో అడుగున గీత గీస్తే ఆ గీత ఒక క్షణం నిలిచి మూసుకోవాలి. అక్కడ స్టవ్ ఆపేయండి. ఇంకా మరిగించి గట్టిగా తిప్పుతూ పోతే ఉబ్బిన రేణువులు చితికి సాస్ మళ్లీ పలచబడుతుంది, వెనిగర్ ఉంటే ఇంకా త్వరగా. అప్పుడు పలచగా ఉందని ఇంకో స్పూన్ పిండి కలిపేవాళ్లే చివరికి జిగురు తింటారు.

కొలత గుర్తుంచుకోవాలంటే: ముక్కలకు పూతలా పట్టే సాస్‌కు గిన్నెలో పోసే పావు కప్పు నీళ్లకు లేదా స్టాక్‌కు ఒక టీస్పూన్ సరిపోతుంది.

అపోహ: సాస్ నీళ్లగా అయిందంటే సాస్ తప్పు.

చాలాసార్లు తప్పు కూరగాయలది. కడిగి ఆరబెట్టని క్యాబేజీ, మూకుడు నిండా పోసిన మష్రూమ్, మొదట్లోనే చల్లిన ఉప్పు... ఈ మూడింట్లో ఏది జరిగినా నీళ్లు దిగుతాయి. చప్పుడు వినండి. చుయ్యిమంటూ వేగుతుంటే సరే, బుడబుడమంటూ ఉడుకుతున్న చప్పుడు వస్తే అది ఇక వేపుడు కాదు. హోటల్ బర్నర్ ఇంటి స్టవ్ కంటే ఎన్నో రెట్లు మంట ఇస్తుంది కాబట్టి దిగిన నీళ్లు దిగినట్టే ఆవిరైపోతాయి. ఇంట్లో అది కుదరదు. ఇనుప మూకుడు బాగా కాలాక 300 గ్రాములకు మించకుండా వేయండి. నలుగురికి కావాలంటే రెండు వాయిలుగా చేయండి. నీళ్లు దిగిపోతే ముక్కల్ని పళ్లెంలోకి తీసి, మూకుడు ఆరనిచ్చి, సాస్ పోసి చిక్కబడ్డాక ముక్కలు తిరిగి వేయండి.

అపోహ: అజినోమోటో విషం.

ఈ భయం ఇళ్లలో బలంగా ఉంది. అజినోమోటో అంటే మోనోసోడియం గ్లూటమేట్. దాని రుచికి మూలమైన గ్లూటమేట్‌ను 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు నుంచి వేరు చేశారు. మరుసటి ఏడాదే అజినోమోటో మార్కెట్లోకి వచ్చింది. టమాటాల్లో, పుట్టగొడుగుల్లో, పులియబెట్టిన సోయాలో సహజంగా ఉండేదీ అదే గ్లూటమేట్. భయం మొదలైంది 1968లో, ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఒక వైద్యుడి ఉత్తరంతో. ఆ తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలు వంటలో వాడే మోతాదుకు, చెప్పిన లక్షణాలకు స్థిరమైన సంబంధం కనిపించలేదు. ఖాళీ కడుపుతో ఒకేసారి 3 గ్రాములు, అంతకు మించి తీసుకున్నప్పుడు కొందరికి తలనొప్పి, ఒళ్లు తిమ్మిరి లాంటివి కాసేపు ఉండొచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. చిటికెడు అంటే అందులో చాలా చిన్న భాగం.

నేను దాన్ని తప్పక వేయమని చెప్పను. మంచి సోయా ఉంటే గిన్నెలో గ్లూటమేట్ ఇప్పటికే ఉంది. ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు దొరికితే స్టాక్ బదులు అవి పోయండి, ఆ రుచి ఇంకా బాగుంటుంది. మీకు పడదనిపిస్తే మానేయండి, సాస్‌కు లోటు రాదు.

అపోహ: ఇంట్లో చేశాం కాబట్టి ఆరోగ్యమే.

ఒక టేబుల్‌స్పూన్ సోయాలో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లు రోజంతటికీ 2000 మిల్లీగ్రాముల లోపే తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పైన చెప్పిన గిన్నెను ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 450. దానికి ఉప్పునీళ్లలో ఉడికించిన నూడుల్స్, మళ్లీ ముక్కల మీద ఉప్పు తోడైతే లెక్క ఎక్కడికో పోతుంది. బీపీ ఉన్నవాళ్లున్న ఇంట్లో సోయా సగం చేసి వెనిగర్, మిరియాలు, వెల్లుల్లి పెంచండి. పులుపు, ఘాటు ఉంటే ఉప్పు తగ్గింది తెలియదు.

అపోహ: ఎర్రగా లేకపోతే రుచి ఉండదు.

రంగుకు రుచితో పనిలేదు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియన్‌లో కృత్రిమ రంగుల్ని నిషేధించింది కూడా. ఎరుపు కావాలంటే బ్యాడిగి మిర్చి గింజలు తీసి, వేడి నీళ్లలో నానబెట్టి, మెత్తగా రుబ్బి ఒక స్పూన్ నూనెలో వేయించండి. కారం తక్కువ, రంగు మంచిది.

అపోహ: మన నువ్వుల నూనె పోస్తే సరిపోతుంది.

చైనా, కొరియా వంటల్లో చివర వేసేది బాగా వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు నూనె. మన గానుగ నూనె సాధారణంగా పచ్చి నువ్వులది. దాంతో వేయించడానికి ఇబ్బంది లేదు, కానీ ఆ వాసన రాదు. నువ్వులు దోరగా వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి దించేముందు అర స్పూన్ చల్లితే దానికి దగ్గరగా వస్తుంది.

అపోహ: ఆవకాయలాగే దీన్నీ చేసి బయట పెట్టుకోవచ్చు.

ఇది ప్రమాదకరమైన అపోహ, దీని గురించి గట్టిగా చెప్పాలి. ఆవకాయను కాపాడేది దండిగా పడే ఉప్పు, మామిడి పులుపు. ఇంట్లో చేసే షెజ్వాన్ చట్నీలో, వెల్లుల్లి నూనెలో అవి ఆ స్థాయిలో ఉండవు. వెల్లుల్లిలో ఆమ్లం తక్కువ, నూనె కింద గాలి ఉండదు. మట్టి నుంచి వచ్చే క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా గది వేడిలో విషం తయారు చేయడానికి సరిగ్గా ఇలాంటి చోటే కావాలి. ఆ విషం రంగులో, వాసనలో తెలియకపోవచ్చు. నూనెలో ముంచిన వెల్లుల్లిని ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయండి. మిగిలితే పారేయండి.

ముందే చేసి పెట్టుకోవాలనుకుంటే సోయా, వెనిగర్, చక్కెర, మిరియాల పొడి మాత్రం అదే లెక్కన కలిపి, శుభ్రమైన పొడి సీసాలో ఫ్రిజ్‌లో ఉంచండి. నీళ్లు, వెల్లుల్లి, అల్లం, కార్న్‌ఫ్లోర్ అందులో వద్దు. ఆ మిశ్రమం కొన్ని వారాలు బాగుంటుంది. వండే రోజు సీసా ఊపి, ఇద్దరికి ఒకటిన్నర టేబుల్‌స్పూన్లు గిన్నెలోకి తీసి, నాలుగు టేబుల్‌స్పూన్ల నీళ్లు, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలపండి. వెల్లుల్లి అప్పటికప్పుడు తరిగి నూనెలో వేయండి.