చెట్టు వల్లా, డబ్బు వల్లా?

పిల్లలూ,

"పార్కులు ఆరోగ్యానికి మంచివి" అనేది పరీక్షలో రాసి రెండు మార్కులు తెచ్చుకుని మర్చిపోయే వాక్యం. ఎలా మంచివో, ఎంత మంచివో, ఆ సంగతి ఎవరు తేల్చారో ఎవరూ చెప్పరు. మీలో ఒకళ్ళు ఫోన్లో అడిగిన ప్రశ్న మాత్రం నాకు భలే నచ్చింది: "చెట్లున్న చోట ఉండేది డబ్బున్నవాళ్ళే కదా అమ్మమ్మా, వాళ్ళకి మంచి తిండీ మంచి డాక్టర్లూ ఉంటారు, మరి ఆరోగ్యం చెట్ల వల్లే వచ్చిందని ఎలా అంటారు?" ఇది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే ఈ ఉత్తరం.

ఈ అనుమానం పరిశోధకులకీ ఉంది. చెట్టు వల్లా, డబ్బు వల్లా అని విడదీయాలంటే డబ్బుతో సంబంధం లేకుండా చెట్టు ఒక్కటే తేడాగా ఉన్న సందర్భం దొరకాలి. అలాంటివి అరుదు. దొరికిన మూడు చెబుతాను, మొదటిది చిన్నది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రి. అక్కడ గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ళని ఉంచే కొన్ని గదుల కిటికీలోంచి చూస్తే చెట్లు కనిపిస్తాయి, కొన్నిట్లోంచి చూస్తే ఇటుక గోడ. ఏ గది ఖాళీ అయితే ఆ గదిలో వేస్తారు, అడిగి తీసుకునేది కాదు. రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు 1972 నుంచి 1981 దాకా ఉన్న రికార్డులు తిరగేసి, అందులోనూ చెట్లకి ఆకులుండే నెలలవే తీసుకుని, వయసూ బరువూ సిగరెట్ అలవాటూ లాంటివి సరిపోలేటట్టు రోగుల్ని 23 జతలు కట్టాడు. చెట్లు కనిపించినవాళ్ళు సగటున 7.96 రోజులకి ఇంటికెళ్ళారు, గోడ కనిపించినవాళ్ళు 8.70 రోజులకి. మొదటివాళ్ళు గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. 1984లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం రెండే పేజీలు. 46 మందేగా అంటారు మీరు, అనాలి కూడా. కానీ ఆసుపత్రులు కట్టేవాళ్ళు కిటికీ ఎటు పెట్టాలా అని ఆలోచించేలా చేసింది ఆ రెండు పేజీలే.

రెండోది పురుగు కథ. ఆసియా నుంచి అమెరికా చేరిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు 2002లో మిషిగన్ రాష్ట్రంలో బయటపడింది. దాని పిల్లలు యాష్ చెట్టు బెరడు కింద దూరి, చెట్టుకి నీరూ ఆహారమూ పోయే దారుల్ని తినేస్తాయి, దాంతో కొన్నేళ్ళలో చెట్టు నిలువునా ఎండిపోతుంది. అలా వీధులకి వీధులే బోడి అయిపోయాయి. ఈ పురుగుకి పేద వీధీ గొప్ప వీధీ అని తేడా లేదు, చెట్టు కనబడితే చాలు. మీ ప్రశ్నకి ఇంతకన్నా మంచి పరీక్ష మనుషులు పెట్టలేరు, ఎందుకంటే పరిశోధన కోసం కోట్ల చెట్లు నరుకుతామంటే ఎవరొప్పుకుంటారు? అప్పట్లో అమెరికా అటవీ శాఖలో పనిచేసిన జెఫ్రీ డోనొవన్, ఆయనతో పాటు మరికొందరు, 15 రాష్ట్రాల మరణాల లెక్కలు తీసి, ఆదాయమూ చదువూ లాంటి తేడాలు సర్దేసి చూశారు. పురుగు పాకిన ప్రాంతాల్లో గుండె జబ్బులతో 15,080 మంది, ఊపిరితిత్తుల జబ్బులతో 6,113 మంది అదనంగా చనిపోయారని 2013లో లెక్క తేల్చారు. పురుగు ముదిరినకొద్దీ ఆ ప్రభావమూ పెరిగింది. ఇంకో విచిత్రం, ఆదాయం సగటు కన్నా ఎక్కువున్న చోట్ల దెబ్బ ఎక్కువ తగిలింది. డబ్బే కాపాడేదైతే అక్కడ తక్కువ తగలాలి కదా!

మూడోది చెప్పే ముందు, చెట్టు అసలు ఏం చేస్తుందో కాస్త చూద్దాం, ఇక్కడ చాలామంది పొరపడతారు.

పార్కులో ఆక్సిజన్ ఎక్కువుంటుందని వినే ఉంటారు. ఉండదు. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం, పార్కులోనూ అంతే, బస్టాండులోనూ అంతే. చెట్లు పొగని కడిగేస్తాయన్న మాట కూడా పోస్టర్ మీద ఉన్నంత గొప్పగా నిజంలో ఉండదు. ఆకుల మీద కొంత దుమ్ము పడుతుంది, నిజమే, కానీ ఊరంతటి పొగతో పోలిస్తే అది బాగా తక్కువ. పైగా రెండు వైపులా ఎత్తయిన భవనాలూ మధ్యలో వాహనాలూ ఉన్న ఇరుకు రోడ్డు మీద చెట్లు గుబురుగా కప్పేస్తే పొగ పైకి పోలేక కిందే తిరుగుతుంది. ఏ చెట్టు ఎక్కడ అన్నది చూసుకోవాలి. పుప్పొడి పడనివాళ్ళ తుమ్ములు సరేసరి.

అసలు పని వేడి దగ్గర. కాంక్రీటూ తారురోడ్డూ పగలంతా ఎండని తాగి రాత్రంతా కక్కుతాయి. చెట్టు నీడ ఇవ్వడమే కాదు, వేళ్ళతో తాగిన నీటిని ఆకుల గుండా ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. వడగాడ్పుల రోజుల్లో మనిషి చనిపోయేది మధ్యాహ్నం ఎండ ఒక్కదానితోనే కాదు, రాత్రి కూడా ఒళ్ళు చల్లబడే వీలు లేక గుండె అలిసిపోయి. 2003 ఎండాకాలంలో యూరప్‌లో 70,000 మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళు, అంటే నా వయసువాళ్ళు. తర్వాత 93 యూరప్ నగరాల మీద ఒక లెక్క వేసి 2023లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. 2015 ఎండాకాలంలో నగరాల్లో పోగయిన అదనపు వేడి వల్ల 6,700 మంది చనిపోగా, ఆ నగరాల నేలలో 30 శాతం మీద చెట్ల నీడ ఉండుంటే 2,644 మంది బతికేవాళ్ళట. అలా చేస్తే తగ్గే వేడి ఎంతనుకున్నారు? సగటున 0.4 డిగ్రీలు. అంత చిన్న అంకెకి అన్ని ప్రాణాలు!

మిగిలినవి మీకు తెలిసినవే. నడక, ఆట, నలుగురితో మాటా మంతీ, కాస్త టెన్షన్ తగ్గడం. ఇంగ్లండులో దాదాపు 20,000 మందిని అడిగి, వారానికి 120 నిమిషాలు పచ్చదనంలో గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెబుతున్నారని 2019లో రాశారు. ఆ 120 నిమిషాలు ఒక్కసారే గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా లేదట. ఇక్కడ మీ ప్రశ్న మళ్ళీ వేయాలి: పార్కుకి వెళ్ళడం వల్ల ఆరోగ్యం బాగుందా, ఆరోగ్యం బాగున్నవాళ్ళే పార్కుకి వెళ్తున్నారా? అడిగి చూస్తే తేలేది కాదది. అందుకే నాకు మూడో కథ మీద అంత గురి.

దానికి ముందు మీ అత్తయ్య ఎప్పుడూ అనే మాట. చెట్లుంటే దొంగలు దాక్కోడానికి చోటిచ్చినట్టే అంటుంది. పూర్తిగా తప్పనలేను. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఇళ్ళ ముందు చెట్లనీ నేరాల రికార్డులనీ పక్కపక్కన పెట్టి చూస్తే, కిటికీకి అడ్డొచ్చే పొట్టి చెట్లున్న ఇళ్ళ దగ్గర నేరాలు కాస్త ఎక్కువ, కొమ్మలు పైకి పోయిన పెద్ద చెట్లున్న చోట తక్కువ. అంటే భయపడాల్సింది చెట్టుని చూసి కాదు, చూపుకి అడ్డాన్ని చూసి. షికాగోలో ఒక ప్రభుత్వ గృహ సముదాయంలో 98 భవనాల మీద 2001లో ఫ్రాన్సెస్ కువో, విలియం సలివన్ రాసిన దాంట్లో, బాగా పచ్చగా ఉన్న భవనాల దగ్గర బోసిగా ఉన్నవాటి కన్నా నేరాలు 52 శాతం తక్కువ నమోదయ్యాయి. అక్కడున్నవాళ్ళంతా పేదవాళ్ళే, ఏ భవనంలో ఇల్లు దొరుకుతుందన్నది వాళ్ళ చేతిలో పెద్దగా లేదు. మరి తేడా ఎందుకొచ్చింది? చెట్టు కింద మనుషులు కూర్చుంటారు, కూర్చున్న మనిషికి వీధి కనబడుతుంది, నలుగురు చూస్తున్న చోట దొంగ చెయ్యి ఆడదు. వాళ్ళు చెప్పే కారణం ఇంచుమించు ఇదే.

ఇప్పుడు మూడోది, ఫిలడెల్ఫియా నగరం. ఫ్యాక్టరీలు మూతపడి జనం వెళ్ళిపోయి, ఇళ్ళు కూలిపోయి, వేల ఖాళీ జాగాలు మిగిలాయి. వాటినిండా పిచ్చిమొక్కలు, పాత టైర్లు, చెత్త. తుపాకులు కూడా అందులోనే దాచేవాళ్ళట, జేబులో పెట్టుకుని తిరిగితే దొరికిపోతారని. చార్ల్స్ బ్రానస్ అనే ప్రజారోగ్య పరిశోధకుడి బృందం 541 జాగాలు తీసుకుని లాటరీ వేసినట్టు మూడు గుంపులు చేసింది. ఒక గుంపులో చెత్త ఎత్తేసి, నేల చదును చేసి, గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, చుట్టూ పొట్టి చెక్క కంచె కట్టారు. లోపలికి దారి వదిలారు, తర్వాత కూడా గడ్డి కోస్తూ చూసుకున్నారు. రెండో గుంపులో చెత్త తీసి గడ్డి కోయడమే. మూడో దాన్ని ముట్టుకోలేదు. బెంచీలు లేవు, ఫౌంటెన్లు లేవు. కొత్త మొక్కలు ఎవరి వీధికి వస్తాయన్నది చీటీ తేల్చింది కాబట్టి "డబ్బున్నవాళ్ళ వీధి కదా" అనడానికి వీల్లేదు.

2018లో ఫలితాలు బయటికొచ్చాయి. బాగా పేద వీధుల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. బయటికి వెళ్ళాలంటే భయం తగ్గిందనీ, ఇంటి బయట కూర్చోవడం పెరిగిందనీ జనం చెప్పారు. మనసుకి సంబంధించినది యూజీనియా సౌత్ అనే డాక్టరుగారు విడిగా రాశారు: పచ్చగా చేసిన జాగాల దగ్గరున్నవాళ్ళలో దిగులుగా ఉందని చెప్పడం, ఏమీ చేయని జాగాల దగ్గరున్నవాళ్ళతో పోలిస్తే, 41.5 శాతం తగ్గింది. చెత్త మాత్రమే ఎత్తిన చోట మనసు విషయంలో అంత స్పష్టమైన తేడా కనబడలేదు. నాకు ఈ చివరి సంగతే ముఖ్యం. చెత్త ఎత్తి శుభ్రం చేయడం వేరు, గడ్డి వేసి చెట్లు నాటి చూసుకోవడం వేరు. మన వీధి ఎవరికో పట్టింది అన్నది అక్కడివాళ్ళకి రోజూ కనబడుతూ ఉండాలి కాబోలు. మొక్క నాటి ఫోటో దిగి వెళ్ళిపోయే పెద్దమనుషులకి ఇది ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

ఇక మీ ప్రశ్నలో రెండో సగం ఉంది, చెట్లు డబ్బున్నవాళ్ళ దగ్గరే ఎందుకున్నాయని. అది దానంతటదే జరగలేదు. 1930లలో అమెరికాలో ఇళ్ళ అప్పులు ఎవరికివ్వాలో నిర్ణయించడానికి నగరాల పటాలు గీశారు, నల్లజాతివాళ్ళూ వలస వచ్చినవాళ్ళూ ఉండే పేటలకి ఎర్రరంగు పూశారు. ఎర్రరంగు పడ్డ చోట డబ్బు రాలేదు, చెట్లూ రాలేదు. 2020లో 108 నగర ప్రాంతాలు కొలిచి చూస్తే, ఎనభై తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఆ పేటలు మిగతావాటి కన్నా సగటున 2.6 డిగ్రీలు వేడిగా ఉన్నాయి. దీనికి తిరగబడ్డ తిప్పలు కూడా ఉన్నాయి. పేదల పేటలో అందమైన పార్కు కడితే అద్దెలు పెరిగి, ఎవరి కోసం కట్టారో వాళ్ళే ఖాళీ చేయాల్సి వస్తుంది. న్యూయార్క్‌లో పాత రైలు వంతెనని తోటగా మార్చిన హై లైన్ చుట్టూ ఇళ్ళ ధరలు ఎంత పెరిగాయో అందరూ చెప్పుకుంటారు. అద్దెల సంగతి చూడకుండా పార్కు కట్టడం సగం పనే అంటాను నేను.

అడిగి తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు లెండి. లండన్ తూర్పు భాగంలో ఫ్యాక్టరీల మధ్య ఇరుకు ఇళ్ళలో ఉండే జనం కోసం 1840లో 30,000 సంతకాలతో రాణికి అర్జీ వెళ్ళింది, 1845లో విక్టోరియా పార్కు తెరిచారు. చెడు గాలి వల్లే జబ్బులొస్తాయని అప్పట్లో డాక్టర్లే నమ్మేవాళ్ళు. కలరా నీళ్ళ వల్ల వస్తుందని ఇంకా తేలలేదు. కారణం తప్పు, పార్కు మాత్రం ఇప్పటికీ ఉంది.

మీరు ఎక్కడున్నా ఒక పని చేయండి. ఇంటి నుంచి 300 మీటర్ల లోపు, అంటే అయిదు నిమిషాల నడకలో, కనీసం అర హెక్టారు పచ్చని స్థలం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2016లో సూచించింది. మీ ఇంటి దగ్గర ఉందో లేదో చూసి నాకు రాయండి. ఉంటే, లోపల నిలబడితే రోడ్డు కనబడుతోందా, దీపాలు వెలుగుతున్నాయా, సాయంత్రం ఆడవాళ్ళు ఒంటరిగా కూర్చుంటున్నారా, నీళ్ళు నిలిచి దోమలు పుడుతున్నాయా చూడండి. నడిచి వెళ్ళే దారిలో ఎన్ని పెద్ద రోడ్లు దాటాలో కూడా రాయండి. 300 మీటర్లన్నది పటం మీద కొలత, మధ్యలో దాటలేని రోడ్డుంటే నాలాంటివాళ్ళకీ మీ చిన్న చెల్లికీ ఆ పార్కు లేనట్టే.

మీ అమ్మమ్మ